దయ్యాన్ని దాచే పనితనం

దయ్యం కథను తెరకు మార్చేవాడి నేర్పంతా దయ్యాన్ని ఎంతసేపు ఆపి ఉంచాడన్నదానిలోనే తెలుస్తుంది. నాగర్‌కర్నూల్ పల్లెల్లో పొద్దుమీకినాక కథ చెప్పే అవ్వలకు ఈ కిటుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. సరిగ్గా భయపడాల్సిన చోట ఆగి, తాపీగా వక్క నములుతారు.

తెర మీద ఈ కిటుకుకు ఓ మంచి ఉదాహరణ ఉంది. బీబీసీ 1971 నుంచి 1978 దాకా ఏటా క్రిస్మస్‌కు ఒక దయ్యం కథ ప్రసారం చేసింది. వాటిలో 1976 నాటి ‘ది సిగ్నల్‌మ్యాన్’ మేటి. మూలం ఓ పత్రిక 1866 క్రిస్మస్ సంచికకు చార్లెస్ డికెన్స్ రాసిన కథ. అంతకు ముందు ఏడాదే స్టేపుల్‌హర్స్ట్ రైలు ప్రమాదం నుంచి ఆయన ప్రాణాలతో బయటపడ్డాడు.

తెర రచయిత ఆండ్రూ డేవిస్ ఆ కథను నలభై నిమిషాల లోపు ఇమిడేలా రాశాడు. పట్టాల పక్కన ఒంటరిగా పనిచేసే సిగ్నల్‌మ్యాన్ నోటితో చెప్పే భయాలను దృశ్యాలుగా మలిచాడు. అతణ్ని చూడవచ్చిన బాటసారికి సత్రంలో పీడకలల రాత్రులు జోడించాడు. దర్శకుడు లారెన్స్ గార్డన్ క్లార్క్ సొరంగం నోరు, ఎర్రదీపం, గంట మోతలతోనే వణుకు పుట్టించాడు. మిగతా బరువంతా సిగ్నల్‌మ్యాన్‌గా నటించిన డెన్‌హమ్ ఎలియట్ ముఖం మోసింది.

గద్వాల మీదుగా రైల్లో వెళ్లే మనవాళ్లకు పట్టాల పక్కన ఒంటరి ఉద్యోగమంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే ఈ పరాయి కథ ఇట్టే అందుతుంది. కథలో భయం ఎక్కడుందో కనిపెట్టి, దానికి అడ్డొచ్చేవన్నీ తీసేయడమే అసలు అనుసరణ. తెల్లచీర, ఉరుములతో సరిపెట్టే మన సీరియల్ రచయితలు ‘ది సిగ్నల్‌మ్యాన్’ను ఒక్కసారైనా చూడాలి.