నలుపును చూడనేర్చిన కన్ను

ఛాయాచిత్రము అబద్ధమాడదని లోకమున నొక నమ్మకము కలదు. చిత్రకారుడు తన యిచ్చవచ్చినట్లు రంగులు పూయవచ్చును గాని, యంత్రము తన యెదుట నున్నదానినే చూపునని సామాన్యుల తలంపు. మేమును చాలకాల మట్లే నమ్మియుంటిమి. ఆ నమ్మకమును సడలించినది యొక బాలిక.

కొన్నియేండ్ల క్రిందట, మేము పనిచేయుచుండిన పాఠశాలలో, పదవ తరగతి ముగించి వెడలిపోవు పిల్లలందఱను కూర్చి ఫొటో తీయించితిమి. అచ్చైన ప్రతులు వచ్చినవి. ఒక బాలిక తన ప్రతిని చాలసేపు పరికించి, మా యొద్దకు వచ్చి, "సార్, దీంట్లో నేను యాడుండాను?" అని యడిగినది. వెనుక వరుస చివరను, చింతచెట్టు నీడలో, ఆమె కన్నులును పలువరుసయు దప్ప మఱేమియు కానరాలేదు. పిల్లలు నవ్విరి. ఫొటో తీసినవానికి చెప్పగా, "దానికేముంది సార్, సరిచేస్తాను" అని కొనిపోయి, రెండుదినములకు వేఱొక ప్రతి తెచ్చెను. అందులో ఆమె ముఖము పిండి పూసినట్లు తెల్లనై యుండెను. ఆమె చూచి, "ఇది నేను కాదు సార్" అని బల్లమీద పెట్టి పోయినది. మేము చింతచెట్టును, యంత్రమును, ఫొటో తీసినవానిని నిందించితిమి. ఆమెను వెనుక వరుసలో నిలువుమని చెప్పినది మేమే యని మాకు తరువాత జ్ఞప్తికి వచ్చెను.

ఆ దినము మొదలు, నల్లనివారు తమ్ము తాము ఎట్లు చిత్రించుకొనిరో తెలిసికొనవలెనని, ఆఫ్రికా సంతతివారైన ఛాయాగ్రాహకుల చిత్రసంపుటములను చూడసాగితిమి. వారి ప్రదర్శనములను మేము కన్నులార చూచినవారము కాము. తనకల్లునుండి న్యూయార్కు, బమాకో నగరములు చాల దూరము. పుస్తకములలోను, తెరమీదను చూచినదానిని బట్టియే యీ విమర్శ వ్రాయుచున్నాము.

మొదట యంత్రము సంగతి. రంగుల ఫిల్ము ప్రబలిన కాలమున, కోడక్ సంస్థ ప్రయోగశాలలకు పంపిన కొలతపటములలో తెల్లని స్త్రీ చిత్రమే యుండెడిది. ఆమె మేనిచాయ సరిగా వచ్చిన, అన్నియు సరిగా వచ్చినట్లే. ఆ పటములకు ఆమె పేరే స్థిరపడి "షెర్లీ కార్డు" లనిరి. ఇట్లు ఫిల్మునకును ఒక జాతి యేర్పడినది. లోర్నా రాత్ అను పరిశోధకురాలు వ్రాసినదానిబట్టి, తమ సరకుల గోధుమవన్నె భేదములు ఫొటోలో తెలియుట లేదని చాకొలెట్టు వర్తకులును, కొయ్యసామానుల వర్తకులును మొఱపెట్టిన పిమ్మటగాని ఫిల్ము బాగుపడుటకు దారి యేర్పడలేదట. మనుష్యుల ముఖములు చేయలేని పనిని మిఠాయియు, కుర్చీలును చేసినవి!

అయినను నిపుణుడు ఆ యంత్రమునే తనకు లొంగదీసికొనగలడు. రాయ్ డికరావా 1919లో న్యూయార్కులోని హార్లెమున జన్మించెను. 1952లో గుగ్గెన్‌హైమ్ వేతనము పొందెను. ఆ గౌరవము దక్కిన నల్లజాతి ఛాయాగ్రాహకులలో ఆయనయే ప్రథముడు. 1996లో న్యూయార్కులోని ఆధునిక కళాప్రదర్శనశాల ఆయన జీవితకాలపు చిత్రములను కూర్చి చూపినది. ఈయన వెలుతురును అరువు తెచ్చుకొనడు. చీకటి చీకటిగానే యుండును. చూచువాని కన్ను క్రమముగా దానికి అలవడి, ఆ నలుపులో పది నలుపులను కనుగొనును. ఆయన 1949లో తీసిన చిత్రమొకటి కలదు. చదువు ముగించుకొనిన బాలిక తెల్లని పొడుగు గౌను ధరించి, చెత్త నిండిన పాడుదిబ్బ ప్రక్కగా ఒంటరిగా నడచుచున్నది. ఆమె యిప్పుడు ఎండలో నున్నది; ముందు పెద్దనీడ కాచుకొనియున్నది. చిత్రకారుడు ఆమెను చూచి జాలిపడలేదు, ఆమెను పొగడలేదు. గౌను అంచు నేలకంటకుండ ఆమె యెట్లు నడచుచున్నదో, దానినే గమనించెను.

దక్షిణాఫ్రికాలో 1972లో జన్మించిన జనేలె ముహోలీ మార్గము వేఱు. ఈ చిత్రకారులు తమ రూపమునే తీసికొని, అచ్చువేయునప్పుడు వన్నెలను ఎక్కుడుచేసి, ఉన్నదానికన్న నల్లగా చూపుదురు. మన ఫొటోవారు చేయు పనికి ఇది సరిగా వ్యతిరేకము. వీరి తల్లి బెస్టర్ తెల్లవారి యింట పనిచేసినది. ఆమె పేరిట 2015లో తీసిన చిత్రమున, బట్టలారవేయు క్లిప్పులే తలకట్టుగను కర్ణాభరణములుగను అమరినవి. చూచినంతనే కిరీటమని తోచును. పిదప అది చాకిరి గుర్తని తెలియును. లండనులోని టేట్ మోడరన్ 2020లోను, మఱల 2024లోను వీరి చిత్రములను ప్రదర్శించినది.

మాకు మిక్కిలి ఆప్తముగా తోచినవాడు సేదూ కేతా. మాలి దేశపు బమాకో నగరమున 1948లో స్టూడియో తెఱచెను. తెరగా గట్టినది పువ్వుల దుప్పటి. వచ్చినవారికి గడియారము, రేడియో, కోటు, స్కూటరు అరువిచ్చి, పగటి వెలుతురున చిత్రము తీయుచుండెను. కదిరి తిరునాళ్ళకు పోయి, సరస్సును కొండలును చిత్రించిన తెరముందు, చేత కాగితపు పువ్వు పట్టుకొని ఫొటో దిగిన మన పెద్దలు ఆయన చిత్రములను చూచినచో తమ చుట్టములే యనుకొందురు. కఱవుసీమవానికి తెరమీది సరస్సు పరిహాసము కాదు, కోరిక. ఆ కోరికను గౌరవించుటయే కేతా గొప్పతనము. అయినను 1991లో న్యూయార్కున జరిగిన ప్రదర్శనములో ఆయన చిత్రములను పేరు తెలియని ఫొటోగ్రాఫరు తీసినవని చూపిరి. ఆ కాలమున ఆయన బమాకోలో సజీవుడై యున్నాడు! 1994లో పారిసులో ఆయన పేరిటనే ప్రదర్శనము జరిగినది. ఆ యేటనే బమాకోలో ఆఫ్రికా ఛాయాచిత్రముల ఉత్సవమును ఆరంభమైనది.

ఇక మన సంగతి. 1876–78 నాటి మహాక్షామము మా సీమను నమిలివేసినది. మా కదిరి తాలూకా అప్పటికి కడప మండలములో నుండెను. ఆ కాలమున విలోబీ వాలెస్ హూపర్ అను సైన్యాధికారి మద్రాసు రాజధానిలో చిక్కి శల్యమైన జనులను కూర్చుండబెట్టి చిత్రములు తీసెను. వారి యెముకలను లెక్కపెట్టవచ్చును. వారి పేర్లు మాత్రము మనకు దక్కలేదు. 1942లో నల్లజాతివాడైన గార్డన్ పార్క్స్ వాషింగ్టనులో ప్రభుత్వపు కచేరీ ఊడ్చు ఎల్లా వాట్సన్ అను స్త్రీని, చీపురుతో జెండాముందు నిలువబెట్టి చిత్రించెను. అదియు నిలువబెట్టి తీసినదే. కాని పార్క్స్ అంతటితో విడువలేదు. ఆమె యింటికిని, చర్చికిని పోయి, మనుమలతో నున్న ఆమెను చూచెను. అందుచేత మనము ఆమె పేరెఱుగుదుము. కఱవు వచ్చినప్పుడెల్ల నెఱ్ఱెలిచ్చిన చెఱువును, వట్టిబిందెను, ముడుతల ముఖమును తీసికొని సాయంకాలపు బస్సునకు పోవువారిని మేము చాలమందిని చూచితిమి. వారందఱు దుష్టులని యనము. వారడుగని ప్రశ్న యొకటే: "అమ్మా, నీ పేరేమి?"

హైదరాబాదులో ఎ.సి. గార్డ్స్ అను పేట నేటికిని కలదు. నిజాముల కొలువున నుండిన ఆఫ్రికా సంతతివారి అశ్వదళము పేరది. మన భాషాప్రాంతముననే యున్న యీ సిద్దీలను గూర్చి మన యిండ్లలో నెందఱకు తెలియును? 2013లో ముంబాయికి చెందిన కేతకీ శేఠ్ భారతదేశపు సిద్దీల చిత్రములతో నొక గ్రంథము వెలువరించిరి. అవి మర్యాద తెలిసిన చేతితో తీసినవే. కాని ఆ చేయి సిద్దీది కాదు. ఈ లోపమునకు ఆమెను నిందించుట తగదు. సిద్దీ బాలుని చేతికి కెమెరా నందీయని మనలను నిందింపవలెను.

ఒక యాక్షేపణ రావచ్చును: నల్లనివాని చిత్రమును నల్లనివాడే తీయవలెనా? అట్లని మా మతము కాదు. నల్లజాతివారు తీసినవన్నియు గొప్పవియు కావు. ఈ పదియేండ్లలో ప్రసిద్ధికి వచ్చిన యువచిత్రకారులలో కొందఱు సొగసుబట్టల పత్రికలకు తీసినవి మెఱుగులే గాని లోతు లేనివిగా మాకు తోచినవి. పుట్టుక నైపుణ్యమునకు బదులు కాజాలదు. కాని వెనుక వరుసలో నిలిచినవానికి తెలిసిన విషయమొకటి, ముందు వరుసవానికి ఎవరైన చెప్పినగాని తెలియదు. మాకు ఆ బాలిక చెప్పవలసివచ్చినది.

కృష్ణద్వైపాయనుడు నల్లనివాడు, ద్రౌపదికి కృష్ణ యనియే పేరు, మనము పూజించు దేవుడు నీలమేఘశ్యాముడు. ఈ కథలు పిల్లలకు చెప్పు తల్లిదండ్రులే పెండ్లిచూపులకు పంపు ఫొటోలో కూతురి ముఖమును తెల్లబరపింతురు. పెండ్లికొడుకు చూడవచ్చినప్పుడు ఆ పిల్ల పడు సిగ్గు యెవరు పెట్టినది? వచ్చినవాడు కాదు, ఆ ఫొటో ముందుగా పెట్టినది. పాఠకులు తమ యింటనున్న పటములను ఒకసారి దింపి చూతురు గాక.

మేము చేసిన పని స్వల్పము. ఇప్పుడు ఫొటో తీయు దినమున పిల్లలను నీడనుండి వెలుతురునకు త్రిప్పి, వరుసలను వారినే కూర్చుకొనుమందుము. పటము వెనుక ప్రతివాని పేరును వ్రాయింతుము. ఆ మొదటి బాలిక యిప్పుడు ఎక్కడనున్నదో తెలియదు. ఆమె బల్లమీద విడిచిపోయిన రెండవ ప్రతి మా యొద్దనే యున్నది. ఆమె నల్లగా నిలిచిన మొదటి ప్రతిని ఆమె తనతో కొనిపోయినది.