లోడు మీద చూడాలి

ఎలక్ట్రిక్ స్కూటర్ మొరాయిస్తే మన ఊళ్లలో మొదట నింద పడేది బ్యాటరీ మీద. అది కాదని తేలితే కంట్రోలర్ మీద. బండి మొత్తంలో ఖరీదైన సామాన్లలో ఈ రెండూ ఉండటం కాకతాళీయమని నేననుకోను. పెట్రోలు బండ్ల రోజుల్లో ఇంత తొందర ఉండేది కాదు. బజాజ్ చేతక్‌ని ఓ పక్కకి వంచి మళ్లీ కిక్ కొట్టేవాళ్లం, ప్లగ్గు విప్పి ఉప్పు కాగితంతో గీకేవాళ్లం. అప్పటికీ కదలకపోతేనే మెకానిక్. ఎలక్ట్రిక్ బండికి ప్లగ్గూ లేదు, కార్బ్యురేటరూ లేదు. సీటెత్తితే నల్ల టేపు చుట్టిన వైర్ల కట్ట, వరసగా పేర్చిన బ్యాటరీలు, ఓ అల్యూమినియం పెట్టె. వేలు పెట్టడానికి భయపడి యజమాని చేతులెత్తేస్తాడు. కొన్ని షాపులకు కావలసిందీ అదే.

పాలిటెక్నిక్ ల్యాబులో పిల్లలకు మల్టీమీటర్ పట్టుకోవడం నేర్పి రిటైరైనవాణ్ణి. మా వీధిలో ఏ బండి ఆగినా నా గుమ్మం ముందుకే తోసుకొస్తారు. అందరూ చెప్పేది ఒకటే: ‘పవర్ లేదండీ’. నేను మీటరు తీయకముందే నాలుగు ప్రశ్నలు వేస్తాను. హారన్ మోగుతోందా? డిస్‌ప్లే వెలుగుతోందా? అది వెలిగినా చక్రం తిరగట్లేదా? తిరిగినా ఎత్తు ఎక్కట్లేదా? ఇవి నాలుగు వేరువేరు జబ్బులు. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు ఎంసీబీ అనే స్విచ్చి దాటి, ఓ కొమ్మగా చీలి కన్వర్టర్‌లో 12 వోల్టులకు తగ్గి లైట్లకీ హారన్‌కీ పోతుంది. అసలు లావు వైరు కంట్రోలర్ మీదుగా చక్రంలోని మోటారుకు పోతుంది. బండి చక్కగా పోతూ హారన్ ఒక్కటే మూగబోయిందంటే బ్యాటరీని అనుమానించాల్సిన పనే లేదు.

డిస్‌ప్లే వెలిగి, చక్రం తిరగనప్పుడు వెనక్కెళ్లి బ్రేక్ లైటు చూడండి. ఎవరూ బ్రేక్ పట్టుకోకుండానే ఎర్రగా వెలుగుతోందా? అయితే బ్రేక్ లివర్ దగ్గరున్న చిన్న స్విచ్చి ఇరుక్కుపోయింది. బ్రేక్ పట్టగానే మోటారుకు కరెంటు ఆపేయడం దాని పని. ఆ స్విచ్చి పాడైతే, మీరు బ్రేక్ నొక్కే ఉంచారని కంట్రోలర్ నమ్ముతుంది, యాక్సిలరేటర్ ఎంత తిప్పినా పలకదు. సైడ్ స్టాండ్ సెన్సర్‌దీ ఇదే తంతు. దాని మీద బురద గడ్డకట్టి బండి కదలక, ఆటోలో వేసుకుని వచ్చినవాళ్లున్నారు. తడిగుడ్డతో తుడిస్తే పోయింది.

అసలు తిరకాసు నాలుగో రకంలో ఉంది. చదును రోడ్డు మీద బాగానే పోతుంది. ఎత్తు రాగానే గుటుక్కుమంటుంది. తాళం కట్టేసి మళ్లీ తిప్పితే ఏమీ ఎరగనట్టు బయల్దేరుతుంది. మా విశాఖలో ఎత్తులకు కొదవ లేదు, ఉప్పుగాలికి అంతకన్నా లేదు. కిటికీ చువ్వలనే తినేసే గాలి, సీటు కింద రాగి పిన్నులను వదులుతుందా?

మా వీధిలో బట్టలు కుట్టే ఒకావిడ అయిదు లెడ్ యాసిడ్ బ్యాటరీల బండి కొనుక్కుంది. గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు మోటారున్న బండ్లకు రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు కదా, ఆ ధైర్యంతో. బీచ్ రోడ్డు నుంచి సిరిపురం ఎక్కేటప్పుడు నడిమధ్యలో ఆగిపోతోందట. ఒక షాపువాడు కంట్రోలర్ పోయిందన్నాడు. ఇంకొకడు బ్యాటరీ సెట్టు మొత్తం మార్చేయమన్నాడు. ‘ఇద్దరిలో ఎవరి మాట నమ్మమంటారు అన్నయ్యగారూ’ అంటూ వచ్చింది. ఇద్దరిలో ఎవరైనా మీటరు పెట్టి చూశారా అనడిగాను. ఒకాయన చూశాడట. బండి ఆపి, 63 పైనే చూపిస్తోంది, ఫుల్లుగా ఉంది అన్నాడట. తర్వాత బ్యాటరీ మార్చమన్నాడట! ఫుల్లుగా ఉన్నదాన్ని ఎందుకు మార్చాలో ఆయనకే తెలియాలి.

ఆగి ఉన్న బండి మీద తీసిన వోల్టేజితో ఈ జబ్బు బయటపడదు. చచ్చిపోయే బ్యాటరీ కూడా పడుకున్నంతసేపూ 12.7 చూపించగలదు. కరెంటు లాగుతున్నప్పుడు ఎంతకు దిగిందన్నదే లెక్క. దీన్నే మెకానిక్కులు లోడు మీద చూడటం అంటారు. సెంటర్ స్టాండ్ వేసి చక్రం గాలిలో తిప్పితే అది లోడు కాదు, రెండు మూడు ఆంపియర్లు కూడా లాగదు. బ్రేక్ పట్టి యాక్సిలరేటర్ తిప్పుదామంటే, ఇందాకటి స్విచ్చి ఊరుకోదు. ఇక ఎత్తు మీదికే పోవాలి.

ఆవిడ కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. వాడి పరీక్షల అట్టకి రెండు మల్టీమీటర్లను రబ్బరు బ్యాండ్లతో కట్టాం. ఒకదాని వైర్లు బ్యాటరీ వరస రెండు చివర్లకీ, రెండోదాని వైర్లు కంట్రోలర్ దగ్గరకీ క్లిప్పులతో తగిలించి, సీటు సందులోంచి పైకి లాగాం. క్లిప్పులు ఒకదానికొకటి తగలకుండా సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగాం. అట్ట ఒళ్లో పెట్టుకుని వాడు వెనక కూర్చున్నాడు, ఫోనులో వీడియో పెట్టాడు. ‘అంకెలు చదవకురా, తీస్తూ ఉండు, చాలు’ అన్నాను. తల్లి బండి నడిపింది.

ఇంటికొచ్చాక ఆ వీడియో చూస్తుంటే భలేగా ఉంది. బయల్దేరకముందు రెండు మీటర్లూ 63.7. చదును రోడ్డులో బ్యాటరీ దగ్గర 60.9, కంట్రోలర్ దగ్గర 59.8. తేడా ఉంది కానీ కంటికి ఆనదు. ఎత్తు మొదలయ్యాక బ్యాటరీ మెల్లగా 56కి దిగి అక్కడే నిలబడింది. కంట్రోలర్ దగ్గర మాత్రం 54, 53, 52.6... ఠక్కున బండి ఆగింది. ఆగిన మరుక్షణం రెండు మీటర్లూ మళ్లీ 62కి ఎగబాకాయి. ఒక్కో బ్యాటరీ పదిన్నర వోల్టుల కిందికి దిగితే పాడవుతుంది కాబట్టి, అయిదింటికీ కలిపి 52.5 దగ్గర కంట్రోలర్ చేతులు దులుపుకుంటుంది. అంటే అది తన పని తాను చేసింది. బ్యాటరీలూ నిలబడ్డాయి. మూడు వోల్టుల పైచిలుకు మధ్య దారిలో మాయమైంది.

మధ్య దారిలో ఉన్నవి ఎంసీబీ, ఒక కనెక్టరు. ఎంసీబీ స్క్రూ విప్పి చూస్తే వైరు పోగుల్లో సగం స్క్రూ కింద, సగం బయట. రాగి పచ్చగా చిలుము పట్టి, పక్కనున్న ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి ఉంది. అంత జాగాలో కరెంటుకు ఎదురైన అడ్డు ఓముకు ఆరో వంతు ఉంటుందేమో. చదును రోడ్డులో ఆరేడు ఆంపియర్లకు అది ఒక వోల్టు తింటే, ఎత్తులో 20 ఆంపియర్లకు 3.4 వోల్టులు తింటుంది. ఆ రెండూ గుణిస్తే 68 వాట్లు. రేడియో రిపేర్లకు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్‌కే 25 వాట్లు. అంతకు రెండున్నర రెట్ల పైన వేడి, ఆవిడ కూర్చునే సీటు కింద, ఒక స్క్రూ మొన మీద! బండి ఆగడం కన్నా నన్ను భయపెట్టింది అదే. మాడిన వైరు కొస కత్తిరించి, కొత్త లగ్గు నొక్కి, ఎంసీబీ మార్చాం. పాతవే బ్యాటరీలు, పాతదే కంట్రోలరు. సిరిపురం ఎక్కింది.

ప్రతిసారీ ఇలాగే ఉంటుందని కాదు. రెండు మీటర్లూ జోడుగా దిగిపోతే దోషం బ్యాటరీలదే. అప్పుడైనా అయిదూ ఒక్కసారి చావవు. లోడు మీద ఒక్కొక్కదాన్నీ విడిగా చూస్తే నాలుగు బాగానే నిలబడి, ఒకటి ఎనిమిదికో తొమ్మిదికో కూలబడుతుంది. దాన్ని తీసేసి కొత్తది పెట్టొచ్చా అంటారు. పెట్టొచ్చు గాని ముసలి వరసలో పడుచు బ్యాటరీ ఎక్కువ కాలం సుఖపడదు. వరసలో వాటితోపాటే దిగి, వాటితోపాటే చార్జి కావాలి; చార్జర్ చూసేది మొత్తం వోల్టేజినే, ఎవరి వాటా ఎంతో దానికి పట్టదు. మంచి మెకానిక్ అదే ఈడు వాడిన బ్యాటరీ వెతికి పెడతాడు. లేదా కొన్నాళ్లు ఓర్చుకుని అన్నీ ఒకేసారి మార్చమంటాడు.

మోటారు సంగతి ఒక్కటి చెప్పి వదిలేస్తాను. స్విచ్చి కట్టేసి చక్రం చేత్తో తిప్పితే గట్టిగా, మెట్లుమెట్లుగా తిరుగుతోందా? మోటారుకు పోయే మూడు లావు వైర్లు విప్పి, ఒకదానికొకటి తగలకుండా విడదీసి మళ్లీ తిప్పండి. తేలికపడితే తప్పు కంట్రోలర్‌ది. అప్పటికీ బిగుసుకునే ఉంటే మోటారులో వైండింగు చూడాలి.

లిథియం బండ్ల దగ్గర మాత్రం నేను వెనకడుగు వేస్తాను. ఆ ప్యాకు లోపల బీఎంఎస్ అనే బోర్డు కాపలా ఉంటుంది. ఒక్క సెల్లు బలహీనపడినా అది మొత్తం ప్యాకును ఆపేస్తుంది. దాన్ని దాటించి నేరుగా వైరు కలిపేస్తామనే ప్రబుద్ధులు ఉన్నారు. వాళ్ల గడప తొక్కకండి. 2022లో దేశంలో స్కూటర్లు అంటుకున్న వార్తలు వరసగా విన్నాం. ఆ సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమున్న భవనంలో మంటలు లేచి, పైనున్న లాడ్జిలో ఎనిమిది మంది పోయారు. ఆ ఏడాదే కేంద్రం ఏఐఎస్-156 పేరిట బ్యాటరీ పరీక్షలను కట్టుదిట్టం చేసింది. ప్యాకుకు సీలు ఉండాల్సిందే.

సీలు ప్యాకుకు ఉంటే సరే, వైరింగుకు ఎందుకు? బండితో ఇచ్చే పుస్తకంలో హెల్మెట్ పెట్టుకోమని నాలుగు చోట్ల రాస్తారు. ఏ రంగు వైరు ఎక్కడికి పోతుందో ఒక్క బొమ్మ వేయరు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రిపేరు హక్కు కోసం పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలూ ఉన్నాయి. తయారీదారులు అక్కడ పెట్టాల్సిన మొదటి కాగితం వైరింగు బొమ్మే.

మీరే మీటరు పట్టాలని నేననను. 60 వోల్టుల డీసీ ఆటవస్తువు కాదు. ఉంగరమో స్పానరో రెండు టెర్మినళ్లకూ అడ్డం పడితే ఎర్రగా కాలుతుంది. గాజులు, ఉంగరాలు తీశాక, స్పానర్ పిడికి టేపు చుట్టాకే సీటెత్తాలి. కానీ అడగడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. ఎవరైనా బ్యాటరీ మార్చమంటే, బండి ఎత్తెక్కుతుండగా బ్యాటరీ దగ్గర ఎంత, కంట్రోలర్ దగ్గర ఎంత చూశారో చెప్పమనండి. చూడలేదంటే తాళం తీసుకుని ఇంకో షాపుకు వెళ్లండి.