తీశాక మిగిలిన ముఖం

కోటప్పకొండ తిరునాళ్ళలో నాన్న నాకొక పులి ముఖం కొనిచ్చాడు. అట్టతో చేసింది. పసుపు మీద నల్ల చారలు, చెవుల దగ్గర రెండు చిల్లులు, వాటికి ఎలాస్టిక్ దారం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి నాలుగు. ఇంటికొచ్చాక వసారాలో తలుపు చాటున నక్కి, వాడు రాగానే ఎదురుగా దూకాను. వాడు ఏడ్చాడు. అంతవరకు నేను అనుకున్నదే. వెంటనే పులిని నెత్తి మీదికి నెట్టి "ఒరేయ్, నేనేరా" అన్నాను. వాడి ఏడుపు రెట్టింపయింది. అమ్మ వచ్చి ఎత్తుకుంటే, ఆమె భుజం మీంచి నన్నే చూస్తూ వెక్కాడు. సాయంత్రం దాకా నా దగ్గరికి రాలేదు. వచ్చాక ముందుగా చేసిన పని, నా దవడ కింద వేలు పెట్టి అంచు కోసం తడమడం.

సినిమాల్లో మాస్కుల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆ వేలే గుర్తొస్తుంది. పులి పోయి అన్న వచ్చాడని వాడు అనుకోలేదు. పులి ఊడి అన్న వచ్చినట్టే, అన్న ఊడితే ఇంకేమొస్తుందోనని భయపడ్డాడు. మాస్కును కథకు వాడుకున్న గొప్ప దర్శకులందరూ ఆ నాలుగేళ్ళ వాడి అనుమానాన్ని నమ్మినవాళ్ళేనని నాకనిపిస్తుంది.

మన భాషలో ముసుగు మొదట దుప్పటికి చెందిన మాట. ముసుగు తన్ని పడుకుంటాం. పైకి తేలని తగవును ముసుగులో గుద్దులాట అంటాం. ముసుగుకు కళ్ళూ ముక్కూ ఉండవు, దాని పనల్లా కప్పడమే. తిరునాళ్ళ పులి అలా కాదు. నా ముఖాన్ని కప్పి ఊరుకోకుండా, ఆ చోట తన ముఖాన్ని పెట్టింది. ఈ తేడా తెలిసిన చేతుల్లో మాస్కు కథను నడుపుతుంది. తెలియని చోట దుప్పటిలాగే ఉండిపోతుంది. మన పాత సినిమాల క్లైమాక్సులు గుర్తు చేసుకోండి. మెడ దగ్గర పట్టుకుని రబ్బరు ముఖం లాగేస్తారు, లోపల అసలు మనిషి, హాలంతా ఈలలు. వీడెవడు అన్న ప్రశ్నకు జవాబు దొరికింది కాబట్టి రబ్బరు ముఖం నేల మీద పడిపోతుంది, దాని వంక మళ్ళీ ఎవరూ చూడరు. అంత శక్తి ఉన్న వస్తువును ఒక్క ప్రశ్నకే ఖర్చుపెట్టేయడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

1925 నాటి మూకీ చిత్రం 'ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా'లో కూడా మాస్కు లాగే ఘట్టమే ప్రసిద్ధం. ఫాంటమ్‌గా వేసిన లాన్ చేనీ తన మేకప్ తనే చేసుకున్నాడు, ఆ ముఖాన్ని స్టూడియో విడుదల దాకా బయటికి పొక్కనివ్వలేదు. అయితే నాకు నచ్చేది మేకప్ కన్నా కెమెరా పెట్టిన చోటు. అతను ఆర్గన్ వాయిస్తుంటాడు. నాయిక క్రిస్టీన్ వెనకనుంచి మెల్లగా చేయి చాచి మాస్కు లాగేస్తుంది. కెమెరా ఉన్నది అతని ఎదుట. అందుకని ఆ ముఖం ముందు మనకు కనిపిస్తుంది, ఆమెకు కనిపించేది అతని వీపే. అతను ఆమె వైపు తిరిగేలోపు ఆ కాసేపూ ఊపిరి బిగబట్టి ఉండేది మనం. ఆమె ఇప్పుడు చూస్తుంది, ఇప్పుడే చూస్తుంది. మాస్కు తీయడం ఒక్క క్షణంలో అయిపోయే పని కాదనీ, ఎవరు ముందు చూస్తారు, ఎవరు తర్వాత చూస్తారు అన్నదాంట్లో ఒక కథంతా ఉందనీ ఆ షాటు చెబుతుంది. వందేళ్ళయినా పాతబడలేదు.

'హాలోవీన్' (1978) దారి వేరు. దర్శకుడు జాన్ కార్పెంటర్ దగ్గర డబ్బు లేదు. హంతకుడి పాత్రకు బజారులో రెండు డాలర్లు కూడా చేయని మాస్కు ఒకటి కొన్నారు. అది 'స్టార్ ట్రెక్' కెప్టెన్ కిర్క్ ముఖం. కనుబొమలు పీకేసి, కంటి చిల్లులు పెద్దవి చేసి, తెల్లరంగు కొట్టారు. అంతే, అందులో ఏ భావమూ మిగల్లేదు. కోపం కూడా లేదు. ఆ ఖాళీని చూసేవాడు తన భయంతో తనే నింపుకోవాలి. చివర్లో పెనుగులాటలో నాయిక లారీ ఆ మాస్కు లాగేస్తుంది. లోపల రాక్షసుడు లేడు. వీధి చివర బస్సు కోసం నిలబడే ఏ కుర్రాడైనా అలాగే ఉంటాడు. అతను చంపడం ఆపి మాస్కు సర్దుకుంటాడు. ఆ సినిమాలో కత్తి కన్నా ఆ సర్దుకోవడమే నన్ను ఎక్కువ వణికించింది. అతని లెక్కలో ఊడిపోయింది ముఖమే.

కరోనా రోజుల్లో మా ఆఫీసులో కొత్తగా చేరినాయనతో దాదాపు ఏడాది మాస్కుతోనే మాట్లాడాను. ఒకరోజు టీ తాగడానికి ఆయన మాస్కు దించారు. నేను మాట తడబడ్డాను. కళ్ళ కింద ఉండాల్సిన సగాన్ని ఎప్పుడో నా అంతట నేనే గీసేసుకున్నాను, గుబురు మీసంతో సహా. అసలు ముఖం నా బొమ్మకు సరిపోలేదు. ఆ తర్వాత ఆయనతో చనువుగా మాట్లాడటానికి నాకు కొన్ని వారాలు పట్టింది. ఏడాదిగా తెలిసిన మనిషి, అదే గొంతు, అవే కళ్ళు.

కళ్ళు మాత్రమే మిగిలిన మనిషి గురించి ఫ్రెంచి దర్శకుడు జార్జ్ ఫ్రాంజూ 1960లో 'ఐస్ వితౌట్ ఎ ఫేస్' తీశాడు. తన వల్ల జరిగిన కారు ప్రమాదంలో కూతురి ముఖం పాడైపోతే, సర్జన్ అయిన తండ్రి అమ్మాయిలను ఎత్తుకొచ్చి వాళ్ళ ముఖచర్మం కోసి కూతురికి అతికించాలని చూస్తాడు. కూతురు క్రిస్టియాన్‌గా ఎడిత్ స్కోబ్ సినిమాలో చాలాభాగం ఒక తెల్లటి, నున్నటి మాస్కు వెనకే ఉంటుంది. మెడ తిప్పడం, మెట్లు దిగడం, తలుపు దగ్గర ఆగడం తప్ప ఆమె చేతిలో ఏమీ లేదు. అయినా ఆమె ఎప్పుడు ఏం అనుకుంటోందో మనకు తెలుస్తూనే ఉంటుంది. మధ్యలో ఒకసారి ఆపరేషన్ ఫలించి, నటి అసలు ముఖం తెర మీదికి వస్తుంది. ఎంత అందమైన ముఖమో! కానీ దాన్ని చూస్తూ మనం నెమ్మదించలేం. ఇంతసేపూ చూసిన తెల్ల మాస్కు ముందు ఇదే అతికించినట్టు కనిపిస్తుంది. తర్వాత వరసగా ఫోటోలు వస్తాయి, చర్మం కొద్దికొద్దిగా చచ్చిపోతుంటుంది. మాస్కు తిరిగొస్తుంది. చివరికి ఆమె బోనుల్లోని కుక్కలను, పావురాలను వదిలేసి మాస్కుతోనే రాత్రిలోకి నడిచి వెళ్ళిపోతుంది. తీయాలన్న ఆశ మనకూ పోతుంది. ఫ్రాంజూ మన చేత ఆ ఆశ వదిలించడానికే ఇంత కథ నడిపాడనిపిస్తుంది.

మన 'బాహుబలి' మొదటి భాగం (2015) వచ్చినప్పుడు అందరూ జలపాతం గురించి మాట్లాడుకున్నారు. ఆ జలపాతం పైనుంచి కిందికి పడిన చెక్క మాస్కు గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు వెలితిగా ఉంది. మాస్కుకు రెండు వైపులుంటాయి, లోకానికి చూపేది ఒకటి, చర్మానికి ఆనుకునే గుంట ఒకటి. తిరునాళ్ళ పులిలో నాకు తెలిసింది ఆ రెండో వైపే, నా ఊపిరి తగిలి అట్ట మెత్తబడిన వైపు. కథానాయకుడు శివుడు మాస్కుతో తడి ఇసుకలో అచ్చు తీస్తే ఒక అమ్మాయి ముఖం లేస్తుంది. నాయిక తెర మీదికి రాకముందే ఆమె ముఖం వచ్చేసింది. అతన్ని చివరికి కొండ ఎక్కించేది అదే. అందరూ ముఖాన్ని దాచడానికి వాడే వస్తువుతో రాజమౌళి ముఖాన్ని పుట్టించాడు. ఇంత చక్కటి ఊహ మన తెర మీద అరుదు. పైకెక్కాక ఎదురయ్యేది కలలో నవ్విన అమ్మాయి కాదు, కత్తి పట్టిన అవంతిక. ఇసుక ముఖానికీ ఈ ముఖానికీ మధ్య దూరాన్ని సినిమా ఇంకాసేపు మోసి ఉంటే ఎంత బాగుండేదో. తొందరగా దించేసింది.

కదలని ముఖంతో నటించడం ఎలాగో జపాన్ 'నో' నాటకం వాళ్ళకు వందల ఏళ్ళుగా తెలుసు. చెక్కతో మలిచిన ముఖాన్ని రవ్వంత పైకెత్తితే దాని మీద వెలుతురు పడి నవ్వినట్టుంటుంది, కాస్త దించితే నీడ కమ్మి దిగులు పడ్డట్టుంటుంది. ఎత్తడాన్ని వెలిగించడమనీ, దించడాన్ని మబ్బు పట్టించడమనీ అర్థమొచ్చే మాటలతో పిలుస్తారు. 'వి ఫర్ వెండెట్టా' సినిమాలో హ్యూగో వీవింగ్ నవ్వు ముఖం మాస్కు వెనక నిలబడి నెట్టుకొచ్చింది కూడా తల వంపుతో, గొంతుతో, దీపాలతోనే. 'నో' ముఖాల్లో హన్యా అని ఒకటుంది. ఈర్ష్యతో రగిలి రాక్షసి అయిపోయిన ఆడమనిషి ముఖం. కొమ్ములు, కోరలు. సూటిగా చూస్తే కోపం, వంచితే ఏడుపు.

మనకూ ఇలాంటి ముఖం ఒకటుంది, తెలుగు నేలకు దూరంగా. తంజావూరు దగ్గర మెలట్టూరులో భాగవత మేళం వాళ్ళు నరసింహ జయంతికి 'ప్రహ్లాద చరిత్రము' ఆడతారు. రాసింది మెలట్టూరు వెంకటరామశాస్త్రి, భాష తెలుగు. అందులో నరసింహస్వామి ముఖానికి గుడిలో పూజలు జరుగుతాయి. దాన్ని ధరించేవారు ఉపవాసం ఉంటారు. ఆవేశం వస్తే పట్టుకోవడానికి చుట్టూ మనుషులుంటారు. ధరించాక లోపలున్నది తను కాదని వాళ్ళు మనసా నమ్ముతారు. అందుకే ఆ జాగ్రత్తలన్నీ.

ఆ జాగ్రత్తలేవీ తీసుకోని ఒక ముసలామె కథ 'ఒనిబాబా' (1964). కనెటో షిండో తీశాడు. పద్నాలుగో శతాబ్దం, జపాన్‌లో అంతర్యుద్ధం. మనిషి ఎత్తు రెల్లు గడ్డిలో అత్తా కోడలూ ఒక గుడిసెలో ఉంటారు. వాళ్ళకు సినిమాలో పేర్లుండవు. దారి తప్పిన సైనికులను పొడిచి చంపి, శవాలను లోతైన గోతిలో తోసి, కవచాలు అమ్మి ధాన్యం తెచ్చుకుని తింటారు. కొడుకు యుద్ధంలో పోయాడని కబురు తెస్తూ పక్కింటి హచి తిరిగొస్తాడు. కోడలు రాత్రుళ్ళు లేచి అతని దగ్గరికి పరుగెత్తడం మొదలుపెడుతుంది. కోడలు వెళ్ళిపోతే ముసలామె ఒక్కతే మనుషులను చంపలేదు. చంపకపోతే తిండి లేదు. ఆమె బాధంతా అదే, అందులో కొంత ఈర్ష్య.

అప్పుడు హన్యా మాస్కు వేసుకున్న ఒక సమురాయ్ దారి చూపమని ఆమెను బెదిరిస్తాడు. మాస్కు ఎందుకంటే, తన ముఖం చాలా అందమైనదనీ, గాయం కాకుండా కాపాడుకుంటున్నాననీ అంటాడు. ఆమె అతన్ని గోతిలో పడేట్టు చేసి, దిగి, ఆ ముఖం చూడాలని మాస్కు పెకలిస్తుంది. అంత తేలిగ్గా ఊడిరాదు. వచ్చాక కింద అందం లేదు, అంతా ఛిద్రమైపోయింది. హెచ్చరిక అక్కడే ఉంది, కానీ ఆమె చూసేది తనకు దొరికిన పనిముట్టును. ఆ మాస్కుతో రాత్రిపూట గడ్డిలో కోడలికి అడ్డం నిలుస్తుంది. కోడలు జడుసుకుని వెనక్కి పరుగెడుతుంది. పాత బౌద్ధ కథలో ఇలాగే అత్త కోడల్ని భయపెడుతుంది, కాకపోతే ఆ కోడలు వెళ్ళేది గుడికి. షిండో గుడి తీసేసి మగవాణ్ణి పెట్టాడు. ఆ ఒక్క మార్పుతో పాపం ఎవరిదో తేల్చడం కష్టమైపోయింది.

వాన కురిసిన రాత్రి మాస్కు ముఖానికి అంటుకుపోతుంది. గుడిసెలో, కొమ్ములతో కోరలతో, ముసలామె కోడల్ని బతిమాలుతుంది. నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా కష్టమైన చోటు ఇదే. మాస్కు భయంకరంగానే ఉంది, ఏమీ మారలేదు. కానీ తల వంచి ఏడుస్తున్నప్పుడు అదే చెక్క ఏడుస్తున్నట్టుంటుంది. కోడలు ముందు షరతులు పెడుతుంది, ఇక తనను హచి దగ్గరికి వెళ్ళకుండా ఆపకూడదని. తర్వాత లాగుతుంది, రాదు. సుత్తితో కొడుతుంది. దెబ్బలకు రక్తం కారుతుంది, చెక్క పగులుతుంది. కింద ముఖం పుండయిపోయింది. షిండో పుట్టింది హిరోషిమాలో, 1952లో ఆ ఊరి పిల్లల మీద ఒక సినిమా కూడా తీశాడు. ఈ ముఖానికి మేకప్ వేయించేటప్పుడు అణుబాంబుకు కాలినవాళ్ళ ఫోటోలు ముందు పెట్టుకున్నాడు. అది తెలిశాక ఆ ముఖాన్ని చేసిన పాపానికి శిక్షగా చూడటం నా వల్ల కాలేదు. ఫోటోల్లోని వాళ్ళు ఏ పాపం చేశారని?

మాస్కు పోయింది. కోడలు ఆ ముఖం చూసి రాక్షసి అనుకుని బయటికి పరుగెడుతుంది. ముసలామె వెంటపడుతుంది, తను రాక్షసిని కాననీ మనిషిననీ అరుస్తూ. గడ్డి, ఊపిరి, అడుగులు. దారికడ్డంగా వాళ్ళు తవ్వకుండానే నింపిన ఆ గొయ్యి. కోడలు దాన్ని దాటేస్తుంది. ముసలామె ఎగురుతుంది, సినిమా అక్కడ ఆగిపోతుంది.

పడిందా, దాటిందా అని ఆలోచించడం నేను ఎప్పుడో మానేశాను. ఇప్పుడు చూసినప్పుడల్లా నా కళ్ళు ముందు పరుగెడుతున్న కోడలి మీదే ఉంటాయి. వెనక అరుస్తున్నది ఆమె రోజూ విన్న గొంతే. ఒకే కుండలోది తిని, ఒకే చాప మీద పడుకుని విన్న గొంతు. ఆమె ఒక్కసారి కూడా ఆగి వెనక్కి తిరగదు.