భారతీయ మస్తిష్క పటము: ఒక పరిశీలన

కాశీలో గుణించిన పంచాంగమును రాజమండ్రిలో ఉన్నదున్నట్లు వాడుకొనుటకు వీలులేదు. సూర్యోదయకాలము ఊరూరికి మారును గనుక దానికి తగిన సంస్కారము చేసుకొనవలెను. తేడా కొద్ది నిమిషములే కావచ్చును. ఐనను తిథి ముగియు వేళలో ఆ కొద్ది నిమిషములే పండుగను ఒకనాటినుండి మరొకనాటికి జరిపివేయును. మెదడు వ్యాధులను కనిపెట్టు విద్యలో ఇంచుమించు ఇటువంటి చిక్కే చాలకాలముగా ఉన్నది.

రోగి మెదడు బొమ్మను చూచి, అది మామూలుగా ఉన్నదా లేదా అని కంప్యూటరు చెప్పవలెనన్నచో, పోల్చి చూచుటకు దానియొద్ద ఒక నమూనా ఉండవలెను. అట్టి నమూనానే మస్తిష్క పటము అందురు. 1988లో తలైరాక్, టూర్నూ అను ఇరువురు ఫ్రెంచి వైద్యులు ప్రకటించిన ప్రసిద్ధ పటమునకు ఆధారము, మరణించిన అరువది ఏండ్ల ఫ్రెంచి వనిత ఒకామె మెదడు. ఒక్కరి మెదడే లోకమునకంతటికి కొలబద్ద అయినదన్నమాట! తరువాత కెనడాలోని మాంట్రియల్ నాడీశాస్త్ర సంస్థవారు 305 మంది మెదడు బొమ్మలను కలిపి సగటు పటమును తయారుచేసినారు. ఆ సంస్థ పటములే నేడు ప్రపంచమంతటా ఎక్కువగా వాడుకలో ఉన్నవి. ఐతే వాటిలోని మెదళ్లు చాలవరకు తెల్లజాతివారివి. చైనా, కొరియా దేశములవారు తమ తమ పటములను ముందే తయారుచేసికొన్నారు.

హైదరాబాదుకు పడమట, హైటెక్ సిటీకి చేరువనున్న గచ్చిబౌలిలో 1998లో వెలసిన ఐ.ఐ.ఐ.టి. అను విద్యాసంస్థ ఈ పనికి పూనుకొన్నది. చుట్టుపట్లనున్న అద్దాల మేడలలో ఎక్కువభాగము పరదేశపు బ్యాంకులకు, కంపెనీలకు లెక్కలు కట్టుచుండగా, ఇక్కడ కొందరు మన తలలను కొలుచుటకు కూర్చొనుట విశేషమే. ఆచార్య జయంతి శివస్వామి బృందము, తిరువనంతపురములోని శ్రీచిత్ర తిరునాళ్ వైద్యసంస్థవారితో కలిసి నిర్మించిన ఈ పటము 2019లో ‘న్యూరాలజీ ఇండియా’ పత్రికలో ప్రకటితమైనది. దీనిలో 50 మంది పురుషులు, 50 మంది స్త్రీలు, మొత్తము నూరుగురి మెదళ్లు చేరియున్నవి. కావుననే దీనిపేరు ఐ.బి.ఎ. 100.

బొమ్మలు తీసినది ఎం.ఆర్.ఐ. యంత్రముతో. మన దేహములోని నీటిలో హైడ్రొజన్ పరమాణువులున్నవి గదా. వాటి కేంద్రకములు చిన్న అయస్కాంతముల వంటివి. ఆసుపత్రులలో సాధారణముగా ఉండు 1.5 టెస్లాల యంత్రములోని క్షేత్రము భూమి అయస్కాంత క్షేత్రముకన్న సుమారు 30,000 రెట్లు బలమైనది. ఆ క్షేత్రములో కేంద్రకములకు రేడియో తరంగములను తగిలించి, అవి తిరిగి పంపు సంకేతములను పట్టి, కంప్యూటరు బొమ్మ కట్టును. ఎక్స్-కిరణముల ప్రసక్తి లేదు.

నూరు బొమ్మలను ఒక్కటిగా చేయుట ఎట్లు? తరగతిలోని నూరుగురు విద్యార్థులు పల్చని కాగితముపై తెలుగుదేశపు పటమును గీసినారనుకొందము. ఒకరిది పెద్దది, ఒకరిది చిన్నది, ఒకరిది పక్కకు ఒరిగినది. వాటిని ఒకదానిపై ఒకటి ఉంచి, జరిపి, త్రిప్పి, పెద్దచిన్నలు సరిచేసి సగటు తీయవచ్చును. అంతమాత్రముననే గోదావరి గీతలన్నియు కలియవు. ఆ సగటు బొమ్మలో నది గీతకు బదులు ఒక మరక కనబడును. కాగితము రబ్బరుదైనట్లు అక్కడక్కడ సాగదీసి గీతను గీతతో కలుపవలెను. మెదడు ముడుతల విషయములో కంప్యూటరు చేయు పని ఇదే. రాబట్టిన సగటు మెదడు ఏ ఒక్క మనిషిదీ కాదు. నూరుగురిలో ఎవరితోను అది పూర్తిగా సరిపోదు.

ఈ పనిలో మెచ్చదగినది జాగ్రత్త. మొదటి ప్రయత్నముగా 50 మందిని తీసికొన్నప్పుడు మూడు ఆసుపత్రులలో, మూడు వేర్వేరు యంత్రములపై బొమ్మలు తీయించినారు. రెండు కొట్లలోని త్రాసులు ఒకే సరకును రెండు విధములుగా తూచినట్లు, యంత్రము మారినపుడు కొలతయు కొంత మారును. ఆ తేడాను మనుషులలోని తేడాగా పొరబడకుండుటకే ఈ ఏర్పాటు.

ఫలితములను పరదేశపు పటములతో పోల్చి చూడగా, భారతీయ పటములోని మెదడు పొడవు, వెడల్పు, ఎత్తులలోను, మొత్తము పరిమాణములోను సగటున చిన్నదిగా తేలినది. ఇక చూడవలెను! 2019 చివర ‘భారతీయుల మెదడు చిన్నది’ అను ధోరణిలో వార్తలు వెలువడినవి. కొందరు నొచ్చుకొన్నారు, కొందరు నవ్వుకొన్నారు. పరిశోధనను దాని శీర్షికతో తూచుట ఇదే. తలను కొలిచి తెలివిని లెక్కకట్టు ప్రయత్నము పందొమ్మిదవ శతాబ్దిలోనే జరిగి, నవ్వులపాలైనది. రష్యను నవలాకారుడు తుర్గేనివ్ మెదడు 2,012 గ్రాములు. 1921లో సాహిత్యమునకు నోబెల్ బహుమతి పొందిన అనతోల్ ఫ్రాన్స్ మెదడు సుమారు 1,017 గ్రాములు. వారిలో ఎవరు సగము రచయితయో బరువు చెప్పలేదు.

మరి ‘చిన్నది’ అను మాటకు విలువ ఎక్కడ? ఆసుపత్రిలో. మతిమరుపుతో వచ్చిన వృద్ధుని మెదడు బొమ్మను పరాయి నమూనాతో పోల్చినచో, పుట్టుకతోనే కొంత చిన్నదైన ఆరోగ్యకరమైన మెదడును కంప్యూటరు కృశించిన మెదడుగా లెక్కించు ప్రమాదమున్నది. లేని జబ్బుకు మందు, ఇంటిల్లిపాదికి దిగులు. కాబట్టి శీర్షికలు చూచి చిన్నబుచ్చుకొన్నవారికే ఈ కొలత రక్షణ. ఆ సంగతి వార్తలలో కనబడవలసినంతగా కనబడలేదు.

ఐతే పటమునందు కొరతలు లేకపోలేదు. మొదటిది దాని పేరులోనే ఉన్నది. కాశ్మీరమునుండి కన్యాకుమారి వరకు గల జనమునంతటిని నూరుగురు ‘భారతీయ’ అను ఒక్క మాటక్రింద మోయలేరు. పొడగరుల మెదడు సగటున కొంత పెద్దదిగా ఉండుట తెలిసిన విషయమే. బాల్యములోని ఆహారమునుబట్టి ఎత్తు మారును. కావున ఈ తేడాలో జాతి పాలు ఎంత, దేహపరిమాణపు పాలు ఎంత, తిండి పాలు ఎంత అని అడుగవలెను. నూరు బొమ్మలనుండి దానికి సమాధానము రాదు.

రెండవ కొరత ఇంకను పెద్దది. నూరుగురును 21 మొదలు 30 ఏండ్లలోపువారు. కాని పటము ముఖ్యముగా అక్కరకు రావలసిన ఆల్జీమర్, పార్కిన్‌సన్ వ్యాధులు ఎక్కువగా అరువది దాటినవారికి వచ్చును. ఆ వయస్సు తరువాత ఆరోగ్యవంతుని మెదడు కూడ ఏటా సుమారు అరశాతము వరకు తగ్గుచుండును. పాతికేండ్ల నమూనాతో డెబ్బదేండ్లవానిని పోల్చినచో, మాంట్రియల్ పటముతో వచ్చిన చిక్కే మరొక దారిన తిరిగి వచ్చును. ఈ సంగతి పరిశోధకులకు తెలియనిది కాదు. తరువాత వార్ధక్యమును పరిశీలింపదలచినట్లు వారే 2019లో చెప్పినారు.

చెప్పినంత సులభము కాదు ఆ పని. వృద్ధులు ఆ ఇరుకు గొట్టములో, చెవులు దిమ్మెక్కు చప్పుడులో, తల కదల్చక చాలసేపు పడుకొనవలెను. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారిలో చాలమందిని ఆ గదిలోనికి రానీయరు. అన్నిటికన్న గట్టి ప్రశ్న మరొకటి. డెబ్బది ఏండ్ల ప్రాయములో రక్తపుపోటు, మధుమేహము లేనివారు మనలో ఎందరు? ఆ రెండును మెదడుపై తమ ముద్ర వేయును. అవి ఉన్నవారిని విడిచినచో పటములోని వృద్ధులు వీధిలోని వృద్ధులను పోలరు. చేర్చుకొన్నచో వ్యాధి గుర్తులు ‘మామూలు’ క్రింద జమపడును. ఎవరిని ఎంచుకొన్నారో, ఎవరిని ఎందుకు విడిచినారో ఆ పటము వెలువడినపుడు బొమ్మకన్న ముందుగా చదువవలసినది అదే.