మాయకు పాట కట్టినవాళ్లు

నితేశ్ తివారీ ‘రామాయణ’ మొదటి భాగం 2026 దీపావళికని ప్రకటించిన దగ్గర్నుంచి రాజాం టీకొట్ల దగ్గర కుర్రాళ్లకు కొత్త పని దొరికింది. సంగీతం ఏ.ఆర్. రెహమాన్, హాన్స్ జిమ్మర్ కలిసి చేస్తున్నారు కదా, ఎవరి వాటా ఎంతన్నదే వాదన. హనుమంతుడు సముద్రం దాటేటప్పుడు బాకాలు దద్దరిల్లాలంటాడొకడు. “జిమ్మర్‌కి రాములోరి గుడిగంట తెలుస్తాదేటి?” అంటాడు ఇంకొకడు. వాదన బాగానే ఉంది గానీ అంతా వాయిద్యాల చుట్టూనే తిరుగుతోంది. పురాణంలోని మాయను నమ్మించే పని మన వైపు ఎప్పుడూ గొంతుదే.

రాజాంకి పెద్ద దూరం కాని అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) హరికథనే చూడండి. తెర లేదు, పాత్రకో వేషం లేదు. కాలికి గజ్జె, చేతిలో చిడతలు. ఒక్క మనిషే వచనంలో కథ నడిపి, పద్యంలో పాత్రయి, కీర్తనలో భక్తుడవుతాడు. లంక ఎంత పెద్దదో ఆయన చూపించడు. పలుకు వేగం పెంచి, నడక మార్చి, కట్టుకునే పని శ్రోతకే వదిలేస్తాడు. ఆయన తొలి అధ్యక్షుడిగా 1919లో మొదలైన విజయనగరం సంగీత పాఠశాలలోనే ఘంటసాల తర్వాత చదువుకున్నారు, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర.

ఆ చదువు ఎక్కడ తేలిందో ‘మాయాబజార్’ (1957) వింటే తెలుస్తుంది. వ్యాసభారతంలో లేని కథ అది. నాటకాల్లో నలిగి నలిగి సినిమాకెక్కింది. సాలూరు దగ్గరి శివరామపురం వారైన రాజేశ్వరరావు నాలుగు పాటలకు వరుసలు కట్టి తప్పుకుంటే, మిగతా భారం ఘంటసాల ఎత్తుకున్నారు. ‘లాహిరి లాహిరి’ రాజేశ్వరరావు వరుసే. మోహన రాగం, అయిదే స్వరాలు. పడవెక్కే జంటలు మూడు, పాడే గొంతులు మాత్రం రెండే: ఘంటసాల, లీల. అయినా అభిమన్యుడి తొందర వేరు, బలరాముడి నిదానం వేరు అనిపిస్తుంది.

ఇక ‘అహ నా పెళ్ళంట’. అందులో శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. విజయనగరం ఆడపడుచు సుశీల గొంతు సాగుతుండగా ఉన్నట్టుండి ఘంటసాల గొంతు పైకొస్తుంది. కళ్లకు సావిత్రి ఒక్కరే కనిపిస్తారు, లోపలి రాక్షసుణ్ణి చెవి పట్టిస్తుంది. గ్రాఫిక్స్ ఖర్చు పైసా లేదు! ‘జగదేకవీరుని కథ’ (1961)లో పెండ్యాల దీన్ని తిరగేశారు. దర్బారీ కానడలో ఒక రామారావు అయిదుగురైతే, గొంతు మాత్రం ఘంటసాలది ఒక్కటే.

రాజాం 2022లో శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు మారింది, తాండ్ర పాపారాయుడు మాత్రం ఇక్కడే ఉన్నాడు. ఆయన కత్తి పట్టిన 1757 నాటి బొబ్బిలి యుద్ధం జంగం కథల్లో పడి ఎప్పుడో పురాణమంత అయింది. ‘బొబ్బిలి యుద్ధం’ (1964)కీ, ‘తాండ్ర పాపారాయుడు’ (1986)కీ సంగీతం మన రాజేశ్వరరావే. ఇప్పుడెవరైనా దాన్ని వందల కోట్లతో మళ్లీ తీస్తే సంగీతం ఎవరిదన్న పందెంలో నేను దిగను. పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజు డేరాలోకి చొరబడే ఘట్టానికి మాత్రం నా ఊహ ఒకటుంది: నూరు వయొలిన్లు వద్దు, మన జముకుల కథవాళ్ల జముకు ఒక్కటి చాలు. తీగ బిగించినకొద్దీ దాని ధ్వని వంగి పైకి లేస్తుంది. కథ చెప్పేవాడు దానిమీద గొంతు నిలిపితే, కత్తి దూసేదాకా ఇంకేమీ వాయించనక్కర్లేదు.