చలనచిత్ర పోస్టరు: జాతిస్వభావమా, పోషకస్థితియా?

వివిధ దేశముల పాత చలనచిత్ర పోస్టర్లను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించు గ్రంథములును ప్రదర్శనలును ఈ కాలమున పెక్కు కలవు. వానిలో తరచుగా వినవచ్చు నిర్ణయ మొకటి యున్నది. పోలండు పోస్టరు వ్యంగ్యప్రధానమనియు, అమెరికా పోస్టరు వర్తకప్రధానమనియు, భారతీయ పోస్టరు ఆర్భాటప్రధానమనియు, ఈ భేదము లాయా జాతుల స్వభావమునుండి పుట్టినవనియు చెప్పుదురు. ఈ నిర్ణయమునందు రెండు దోషములున్నవని మా అభిప్రాయము. కారణమును చూపవలసిన చోట జాతిపేరు చెప్పి యూరకుండుట మొదటిది. ఒక దేశపు పోస్టరును మరియొక దేశపు కొలతతో కొలిచి తక్కువ చేయుట రెండవది. ఒకే చిత్రమునకు రెండు దేశములలో వెలువడిన పోస్టర్లను పోల్చి చూచినచో ఈ దోషములు స్పష్టమగును.

ముందుగా పోస్టరు యొక్క మూలప్రయోజనమును గుర్తింపవలెను. లూమియేరు సోదరుల ప్రదర్శనలకై మార్సెలిన్ ఓజోల్ అను ఫ్రెంచి చిత్రకారుడు 1896లో ఒక పోస్టరు వ్రాసెను. అందు తెరపై తోటమాలి నీటిగొట్టముతో తడిసిపోవుచుండును. తెరకు ముందు ప్రేక్షకులు కూర్చుండి నవ్వుచుందురు. అప్పటికి చలనచిత్రమునకు ప్రసిద్ధులైన తారలు లేరు. దర్శకుని పేరును చూచి వచ్చువారును లేరు. బొమ్మ కదలుటయే అప్పటి వింత. అమ్మవలసిన సరుకు ఆ చూచుటయే కనుక చిత్రకారుడు చూచువారినే చిత్రించెను. పోస్టరు దేనిని చూపుననునది, ఎవరు దేనిని ఎవరికి అమ్మవలసియున్నదో దానిపై ఆధారపడునని ఈ తొలి యుదాహరణమే తెలుపుచున్నది.

ఫ్రిట్జ్ లాంగ్ దర్శకత్వమున 1927లో విడుదలయిన మెట్రోపొలిస్ చిత్రమును తీసికొందము. హైంజ్ షుల్జ్ నోయిడామ్ రచించిన జర్మను పోస్టరులో లోహనిర్మితయైన యంత్రకన్య ముఖము ముందు నిలిచియుండును. ఆమె వెనుక ఆకాశహర్మ్యములు కొండచరియలవలె లేచుచుండును. ఆ లోహమూర్తి కన్నులలో చూపు లేదు. ఆ చూపులేనితనమే భయజనకము. ఫ్రాన్సులో అదే చిత్రమునకు బోరిస్ బిలిన్‌స్కీ కొన్ని పోస్టర్లు రచించెను. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనదానియందు నగరమే నాయకస్థానము నాక్రమించినది. భవనములు ఒకదానినొకటి త్రోసికొనుచు పైకెగయుచుండును. మొదటిదానియందు భయానకము, రెండవదానియందు అద్భుతము ప్రధానరసములు. దీనిని జర్మను స్వభావమనియు ఫ్రెంచి స్వభావమనియు విభజించుట సులభము. కాని బిలిన్‌స్కీ ఫ్రెంచివాడు కాడు. రష్యను సామ్రాజ్యమున జన్మించి ఫ్రాన్సునకు వచ్చి పనిచేసినవాడు. అతని రేఖలో ఫ్రెంచి జాతిహృదయమును వెదకువారు ముందుగా అతని జన్మస్థానమునకు సమాధానము చెప్పవలసియుండును.

ఇంతకంటె బలమైన సాక్ష్యము హిచ్‌కాక్ చిత్రమైన వెర్టిగోనందు దొరకును. 1958లో సాల్ బాస్ దానికి వ్రాసిన అమెరికా పోస్టరున ఎఱ్ఱని నేలపై తెల్లని సుడివలయము, అందు పడిపోవుచున్న నల్లని పురుషాకృతి, రేఖామాత్రమైన స్త్రీరూపము మాత్రమే కలవు. పోలండులో 1963లో రోమన్ చెస్లెవిచ్ అదే చిత్రమునకు కపాలమును, దానిపై గురిపలక వంటి వలయములను చిత్రించెను. ఇద్దరును వలయమునే ఆశ్రయించిరి. బాస్ వలయమున మనిషి పడుచున్నాడు; చెస్లెవిచ్ వలయము మనిషి తలయందే యున్నది. మొదటిది కథలోని అపాయమును సూచించును. రెండవది ఆ అపాయమునకు మూలము మనస్సేయని సూచించును. వ్యాఖ్యానముగా రెండవదానియందు లోతు హెచ్చని మేము తలంచుచున్నాము. అయినను అమెరికా పోస్టరునకు వ్యంగ్యము తెలియదనుట మాత్రము పొసగదు.

అట్లయిన ఈ రెంటికిని నిజమైన భేద మెక్కడ? అక్షరములయందు. బాస్ పోస్టరు పైభాగమున జేమ్స్ స్టూవర్ట్, కిమ్ నోవాక్, హిచ్‌కాక్ పేర్లు తప్పక నిలిచినవి. హాలీవుడ్డులో తారల పేర్ల వరుసయు పరిమాణమును ఒప్పందపత్రములలో నిర్ణయింపబడెడివి. 1955లో ప్రెమింజర్ చిత్రమైన ది మాన్ విత్ ది గోల్డెన్ ఆర్మ్ నకు బాస్ వంకరతిరిగిన చేయి నొక్కదానిని గుర్తుగా కల్పించెను. అయినను సామాన్యప్రచారములోని పోస్టరున ఆ చేతి చుట్టును తారల ఛాయాచిత్రములు చేరినవి. చిత్రకారుని ప్రతిభ కొదువపడలేదు. అతనికి దొరకిన చోటే కొదువపడినది.

పోలండులో స్థితి వేరు. రెండవ ప్రపంచయుద్ధానంతరము అచ్చట చిత్రముల పంపిణీ ప్రభుత్వహస్తగతమైనది. ఫిల్మ్ పోల్‌స్కీ సంస్థ హెన్రిక్ తొమషెవ్‌స్కీ వంటి చిత్రకారులకు పోస్టర్ల పని నప్పగించెను. 1948లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ పోస్టరు ప్రదర్శనమున ఆయన ఐదు ప్రథమబహుమతు లందుకొనెను. తారల ఒప్పందములు లేవు. టిక్కెట్ల కొరకు పోటీపడు పంపిణీదారులు లేరు. అందువలన చిత్రకారుడు ముఖములను విడిచి భావమును పట్టుకొనగలిగెను. అది పూర్ణస్వాతంత్ర్య మనరాదు. ప్రతి పోస్టరును ప్రభుత్వపరీక్షకు లోబడవలసినదే. వర్తకుని పట్టు వదలిన చోట ప్రభుత్వపు పట్టు ఉన్నది. ఇక 1989 తరువాత పంపిణీ ప్రైవేటు సంస్థల చేతిలోనికి వచ్చినది. విదేశచిత్రములకు ఆయా నిర్మాతల పోస్టర్లే పోలండు గోడల నెక్కినవి. చిత్రకారుని చేతి పోస్టరు చాలవరకు వెనుకబడినది. ఆ జాతి ఆ జాతియే, ఆ నగరము లవే నగరములు, మారినది పోషకుడు. జాతిస్వభావవాదమునకు ఇంతకుమించిన ఖండనము అవసరములేదని మా విశ్వాసము.

తెలుగు సాహిత్యవిద్యార్థులకు ఈ న్యాయము క్రొత్తది కాదు. మనుచరిత్ర శ్రీకృష్ణదేవరాయల కంకితము. దాని అవతారికలోని కృతిపతి వర్ణనమును రాజాశ్రయము నెఱిగియే చదువుదుము. అందువలన ఆ కావ్యమును తక్కువ చేయము. పోతన భాగవతమును శ్రీరామున కంకితమిచ్చెననియు ఎఱుగుదుము. అంకితభేద మొక్కటియే కావ్యగుణమునకు కొలతయని యనము. పోస్టరుపై తారపేరు ఒకవిధముగా ఆ కృతిపతివర్ణనము వంటిది. దానిని చూడకుండుట ఎంత తప్పో, దానినే సర్వస్వముగా తలంచుట అంత తప్పు.

ఇప్పుడు మన పోస్టరును విచారింతము. 1950, 60 దశకములలోని తెలుగు పోస్టర్లలో తారల ముఖములు పెద్దవి, వర్ణములు తీక్ష్ణములు, ఖాళీస్థలము స్వల్పము. పోలండు పోస్టరును చూచిన కన్నులకు ఇది ఇరుకుగా తోచుట సహజము. అయితే ఈ పోస్టరు ఎవరికొరకు వ్రాయబడినదో స్మరింపవలెను. 1961 జనగణనమునాటికి ఆంధ్రప్రదేశమున అక్షరాస్యులు నూటికి పాతికమందికంటె తక్కువ. టూరింగు టాకీసు డేరా వేసిన గ్రామమున గోడపై పేరు చదువలేనివాడును ముఖమును గుర్తింపగలడు. ఆ పోస్టరున ముఖమే అక్షరము. కిరీటము, గద, మీసకట్టు, బొట్టు ఇవియన్నియు ఆ లిపిలోని గుణింతములు. కథ పౌరాణికమో, జానపదమో, సాంఘికమో వీనివలననే తెలియును. వర్ణముల తీక్ష్ణతకును ఇట్టి ప్రయోజనమే కలదు: మైదాజిగురుతో గోడ కంటించిన కాగితము దుమ్ములో, ఎండలో, దూరమునుండి కనబడవలెను. దీనిని అభిరుచిలోప మనుట, చదువరి నెఱుగక గ్రంథమును నిందించుట వంటిది.

పోషకస్థితి మారినచో మనదేశముననే రూపము మారుననుటకు సత్యజిత్ రాయ్ నిదర్శనము. ప్రకటనసంస్థలో చిత్రకారుడుగా పనిచేసిన ఆయన తన చిత్రములకు తానే పోస్టర్లు కల్పించెను. దేవి (1960) పోస్టరులో నాయిక ముఖము సగము వెలుగున, సగము చీకటిలో నుండును. దేవతయో మానవియో తేలని ఆ యువతి దుఃఖ మంతయు ఆ విభాగరేఖయందే యున్నది. ఇచ్చట కూడ ముఖము పెద్దదే. కాని అది తారను చూపుటకు గాక సమస్యను చూపుటకు వినియోగపడినది. దర్శకుడును పోస్టరు రచయితయు ఒక్కడేయైనందున ఈ సౌలభ్యము కలిగినది.

అయితే పరిస్థితియే సర్వమును నిర్ణయించునని మేము చెప్పుటలేదు. ఒకే నిర్బంధములో పనిచేసిన ఇద్దరిలో ఒకడు ముఖములను వరుసగా పేర్చి విడుచును. మరియొకడు ఆ ముఖముల చూపులను ఎదురెదురుగా నిలిపి కథలోని వైరమును స్ఫురింపజేయును. చిత్రకారుని శక్తి తెలియునది ఈ రెండవ చోటనే. కనుక విమర్శకుడు మొదట నిర్బంధమును గుర్తించి, పిదప ఆ నిర్బంధములో సాధింపబడినదానిని తూచవలెను. వ్యయము పెట్టినవాడెవడు, పోస్టరు అంటిన గోడ యెట్టిది, దానిని చదువవలసినవా డెవడు అను మూడు ప్రశ్నలకు సమాధానము లభించిన తరువాతనే రెండు దేశముల పోస్టర్లను సరితూచుట న్యాయము.

ఈ ప్రశ్నలకు మన పోస్టర్ల విషయమున సమాధానము చెప్పుటకు ముందుగా పోస్టర్లు ఉండవలెను. పోలండు 1968లోనే వార్సాలోని విలనూవ్‌లో పోస్టర్లకు ప్రత్యేకముగా వస్తుశాల నేర్పరచినది. మన పాత పోస్టరు వానకు తడిసి, దానిపై మరియొక పోస్టరు అంటింపబడి అంతరించుటయే పరిపాటి. నాటి పాటలపుస్తకముల అట్టలు, పత్రికలలోని ప్రకటనలు, ముద్రణాలయములలో మిగిలిన ప్రతులు ఇంకను కొన్నిచోట్ల దొరకును. తాళపత్రములను సేకరించి పాఠభేదములను నిర్ణయించిన మన శాఖల పరిశోధకులకు ఈ పని అసాధ్యము కాదు. ఒక్కొక్క జిల్లాలో ఒక్కొక్క విద్యార్థి పూనుకొని, చిత్రము పేరు, సంవత్సరము, చిత్రకారుని సంతకము, ముద్రణాలయము పేరు ఇవి మాత్రము నమోదు చేసినను, తులనాత్మక విమర్శకు నేడు లేని ఆధారము సమకూరును.