ఉభయకుశలోపరి... ఒక్క మీటలో

పాత ఉత్తరాల కట్ట విప్పితే మన పెద్దలు ఎంత పొదుపరులో తెలుస్తుంది. ‘మహారాజరాజశ్రీ’ని ‘మ.రా.రా.శ్రీ.’ చేశారు. ‘చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి’ని ‘చి.ల.సౌ.’తో సరిపెట్టారు. పదేపదే రాయాల్సిన మాటను మూడు నాలుగు అక్షరాలకు కుదించి, కార్డులో మిగిలిన జాగాను అసలు సంగతికి అట్టేపెట్టారు. పాత కంప్యూటర్లలో ఫంక్షన్ కీలకు సొంత మాటలు నేర్పే అలవాటు వెనక ఉన్నదీ ఈ పొదుపే.

మా అరసవల్లిలో ఎవరింటి అటక మీదనైనా డాస్ కాలపు లాప్‌టాప్ దొరికితే, తూకానికి వేసేముందు దాని పై వరస చూడండి. ఎఫ్1 నుంచి ఎఫ్10 దాకా కనీసం పది మీటలు. అక్షరాల మీటలకు పుట్టుకతోనే పని రాసిపెట్టి ఉంది. వీటికి ఉన్నది వట్టి అంకె. పని మనమే అప్పగించాలి.

దారి చూపింది బేసిక్ భాష. డాస్‌తో వచ్చిన జీడబ్ల్యూ బేసిక్‌లో ఎఫ్1 నొక్కితే ‘లిస్ట్’, ఎఫ్2 నొక్కితే ‘రన్’ వస్తాయి. అవి నచ్చకపోతే ‘కీ’ అనే ఆదేశం రాసి, మీట సంఖ్య వేసి, కామా పెట్టి, కొటేషన్ల మధ్య మన మాట ఇవ్వాలి. ఎంటర్ కూడా దానంతటదే పడాలంటే చివర 13వ నంబరు సంకేతాన్ని కలపాలి. ‘కీ లిస్ట్’ అంటే పది మీటల జాబితా తెర మీద పరుస్తుంది.

మెలిక పొడవులో ఉంది. ఒక్కో మీటకు 15 అక్షరాలే పడతాయి. తెలుగు లిపి లేని ఆ యంత్రంలో, ఉత్తరాల్లో రాసే ‘ఉభయకుశలోపరి’ని ఇంగ్లిషు అక్షరాల్లో కూర్చి చూడండి: 16. చివరి గుడి జారిపోయి ‘ఉభయకుశలోపర్’ మిగులుతుంది. శుభలేఖల కోసం చిరునామాల పట్టిక ఎక్కిస్తున్నారనుకోండి. ‘అరసవల్లి’కి పది అక్షరాలు, ‘శ్రీకాకుళం’కి పది. కామాతో కలిపితే 21. రెంటినీ ఒకే మీటలో కుక్కలేం. ఎఫ్1కి ఊరు, ఎఫ్2కి జిల్లా. మాటను ఎక్కడ విరవాలో తెలియడమే ఇందులో సగం విద్య.

బేసిక్ బయట, డాస్‌లోనే మీటలు మార్చాలంటే ఆన్సీ డ్రైవరును కాన్ఫిగ్ ఫైలులో ఎక్కించాలి. అక్కడ ఎఫ్1 పేరు 59, ఎఫ్10 పేరు 68. ఎస్కేప్ గుర్తు, చదరపు బ్రాకెట్, సున్నా, మీట సంఖ్య, కొటేషన్లలో మన మాట, చివర చిన్న ‘పి’. నడుమ నడుమ సెమీకోలన్లు. ఆ చిన్న ‘పి’ పెద్దదైతే మీట మారదు. ఇక్కడ 15 అక్షరాల కట్టడి లేదు కాబట్టి ‘ఉభయకుశలోపరి’ గుడితో సహా పడుతుంది. అయితే కీబోర్డును డాస్ ద్వారా కాక నేరుగా చదివే ప్రోగ్రాములు ఈ మార్పును లెక్కచేయవు.

అరసవల్లి సూర్యుడి గుడిలో ఏటా మార్చిలో, అక్టోబరులో ఉదయకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. దిక్కు ఒక్కసారే కుదిర్చారు. కంప్యూటరుకు అంత జ్ఞాపకం లేదు. కరెంటు తీసేస్తే నేర్పినదంతా మరిచిపోతుంది. అందుకే యంత్రం లేచినప్పుడల్లా నడిచే ఆటోఎగ్జెక్ ఫైలులో, ప్రాంప్టు ఆదేశం ద్వారా ఈ వరసలు ఉంచుతారు. పైన ‘ఎకో ఆఫ్’ పెడితే మాత్రం ప్రాంప్టు తెర మీదకు రాదు, మీట మారదు. కొత్తవాళ్లు తలపట్టుకునే చోటు ఇదే.

ఇంకో జాగ్రత్త. ఇవే గుర్తులను ఒక మామూలు ఫైలులో దాచి, దాన్ని తెర మీద చూసినవాళ్ల మీటకు ఫైళ్లు చెరిపే ఆదేశం తగిలించే ఆకతాయిలూ ఆ రోజుల్లో ఉండేవారు.

ఏ మీటకు ఏ పని ఇచ్చామో మనకూ గుర్తుండాలి కదా. 1983లో క్యోసెరా తయారు చేయగా టాండీ అమ్మిన మోడల్ 100 అనే ఒళ్లో పట్టే కంప్యూటరులో ఎనిమిది వరసల తెర, దాని కిందే ఎనిమిది ఫంక్షన్ మీటలు. తెర అడుగు వరసే ఏ మీట ఏమిటో చెబుతుంది. నాలుగు చిన్న బ్యాటరీలతో నడిచే ఆ యంత్రాన్ని విలేకరులు సంచిలో వేసుకు తిరిగారు. మన దేశంలో 1984లో మొదలైన క్లాస్ పథకం కింద బడులకు వచ్చిన బీబీసీ మైక్రోలో పది ఎర్ర మీటలు. వాటి పైన పారదర్శకమైన పట్టీ, దాని కింద రాసిన కాగితం దోపడమే. ఏ ఏర్పాటూ లేని లాప్‌టాప్‌కు అట్టముక్క, పెన్సిలు చాలు.

ఏ మాటకు మీట ఇవ్వాలి? ముందే కూర్చుని ఆలోచిస్తే తెగదు. మూడు రోజులు మామూలుగా పని చేసుకుంటూ, చేయి దేన్ని పదేపదే కొడుతోందో కాగితం మీద గీతలు పెట్టండి. ఎక్కువ గీతలు పడ్డదానికే మీట. డాస్‌లో ఎఫ్3 ముందు కొట్టిన ఆదేశాన్నే తిరిగి తెస్తుంది, దాన్ని కదపకండి. రెండు మీటలు ఖాళీగా ఉంచండి. రేపటి పని ఇవాళ తెలియదు.

మారని మాటకే మీట. మా శ్రీకాకుళం జిల్లాలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు జనం నోట ఉన్న తెలుగే రాతలోకి రావాలని జీవితమంతా పోరాడారు. రాత అచ్చుపోసినట్టు తయారైతే మాట చచ్చిపోతుంది. ఇప్పటి ఫోన్లు మనం అడక్కుండానే తర్వాతి మాట అందిస్తున్నాయి. పాత మీట అంత చొరవ చేయదు. మనం అప్పగించినంతే పలికి, ఊరుకుంటుంది.

‘ఉభయకుశలోపరి’ అంటే ఇరువైపులా క్షేమం, ఆపైన సంగతి అని. మీటకు అప్పగించదగ్గది ఆ ‘ఉపరి’ వరకే. ఆపైన వర్షం పడిందా, అమ్మకు మోకాలి నొప్పి తగ్గిందా అన్నది అక్షరం అక్షరం కొట్టాల్సిందే.